ఖాళీ జాడీ వెంట జువ్వలదిన్నెకు

అవ్వ జాడీలో చెయ్యి పెట్టింది. చెయ్యి మోచేతి దాకా లోపలికి పోయింది. వేలికున్న రాగి ఉంగరం అడుగుకు తగిలి టక్కుమంది. అవ్వ చెయ్యి వెంటనే బయటికి తీయలేదు. జాడీ గోడల చుట్టూ తడుముతూనే ఉంది.

"ఏమీ లేదా అమ్మాయ్?" అని అడిగింది.

"లేదవ్వా," అన్నాను.

ఆ పూట అవ్వ అన్నం దగ్గరికి రాలేదు.

అవ్వ అంటే మా ఆయన నాయనమ్మ, పెంచలమ్మ గారు. ఎనభై దాటాయి. కళ్ళకు పొరలు కమ్మి మనిషి ఆకారం తప్ప ఏదీ ఆనదు. జువ్వలదిన్నె దగ్గర సముద్రం ఒడ్డున ఉండే పోలమ్మ ఆమెకు నేస్తం. ఇద్దరూ పన్నెండేళ్ళ పిల్లలుగా ఉన్నప్పుడు కలిశారట. అవ్వ అప్పుడు కొత్త కోడలు. పోలమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకొని, మేనత్త వెంట కళ్ళాల కాలంలో మా ఊరు వచ్చేది. చేపలకు వడ్లు కొలిచే పని అవ్వది. అత్తగారు అటు తిరగగానే అవ్వ మానిక మీద ఇంకో గుప్పెడు పోసేది. పోలమ్మ గంప అడుగున దాచిన వంజరం ముక్కను గడ్డివామి పక్కన పెట్టి పోయేది. ఆ దొంగతనంతో మొదలైన స్నేహం డెబ్బయ్యేళ్ళు నడిచింది.

పదిహేనేళ్ళ కింద పోలమ్మకు మోకాళ్ళు పోయాయి. అప్పటినుంచి ఆమెకు బదులు జాడీ నడుస్తోంది. పంట ఇల్లు చేరగానే అవ్వ జాడీలో ఊరగాయ పెట్టి చేపల గంపల ఆడవాళ్ళకిస్తుంది. మూడు నెత్తులు మారి అది సముద్రం దగ్గరికి పోతుంది. నెల తిరిగేసరికి ఎండుచేపలతో వెనక్కి వస్తుంది. ఈసారి ఉత్తదే వచ్చింది. ఒకరింటి గిన్నె ఖాళీగా పంపకూడదని మా వైపు ఎంత లేనివాళ్ళయినా చిన్న బెల్లం గడ్డైనా వేసి పంపుతారు. చావు మైల పట్టిన ఇంట్లోంచి మాత్రమే ఏమీ బయటికి పోదు.

"పోలి అన్నా చచ్చుండాల, లేదా నా మీద అలిగుండాల. రెండిట్లో ఏదైనా నేను పోవాల," అంది అవ్వ మూడో రోజున. ఈ మూడు రోజులూ మజ్జిగ తప్ప ఏమీ తాగలేదు.

మా ఆయన వద్దన్నాడు. మా అత్తగారు ఎండల్లో చంపుకొస్తారా అంది. చివరికి, రైలు టైములు చూడగలదని నన్ను తోడు పంపారు. నాకు మాత్రం పోవాలని లేదు. చిన్నదానికి కోరింత దగ్గు అప్పుడప్పుడే తగ్గుముఖం పడుతోంది. ఏ మందు ఎన్ని చుక్కలో కాగితం మీద రాసి గోడకు అతికించి, చదవడం రాని మా అత్తగారికి నాలుగుసార్లు అప్పజెప్పి బయలుదేరాను.

పడుగుపాడు నుంచి బిట్రగుంట

పడుగుపాడులో పాసింజరు ఎక్కాం. అవ్వ పూర్వం ఒకసారి తిరుపతికి రైల్లో పోయింది కాబట్టి తనకు అంతా తెలుసంది. కిటికీ పక్కన కూర్చుని, కంట్లో బొగ్గు నలుసు పడగానే, "ఎట్టాగూ కనపడని కంట్లోనే పడిందిలే," అంది.

ఎదుటి బల్ల మీద ఖాళీ గంపతో ఒక చేపలామె కూర్చుంది. అవ్వ గాలిని వాసన పట్టి, "మాగచేప అమ్మినావు గదా?" అని పలకరించింది. ఆమె నవ్వి, తన గంపను ఇంకాస్త దూరం జరుపుకోబోయింది. అవ్వ చెయ్యి చాచి ఆపింది. జువ్వలదిన్నె వైపు పోలమ్మ తెలుసా అని అడిగింది. "మా తట్టు ఇంటికొక పోలమ్మ అవ్వా," అంది ఆమె. తరవాత తనే వచ్చి అవ్వ మోకాళ్ళ దగ్గర నేలమీద కూర్చుని, కళ్ళాల దగ్గర ఇప్పుడెవరూ వడ్లు కొలవడం లేదనీ, అందరూ డబ్బులే ఇస్తున్నారనీ, డబ్బులతో పాటు మాట రాదనీ చెప్పుకొచ్చింది.

బిట్రగుంటలో దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఆ ఊళ్ళో సగం రైలే. ఇంజన్ల షెడ్డు నుంచి వచ్చే పొగ ఆరేసిన బట్టల మీద వాలుతుంటే ఆడవాళ్ళు దులుపుకుంటున్నారు. స్టేషన్ బయట హోటల్లో కాఫీ పన్నెండు నయాపైసలు. రెండూ ఒకటే అయినా, అవ్వ రెండణాలంటేనే ఒప్పుకుంది. ఇద్దరం అరటాకుల్లో కట్టుకొచ్చిన పులిహోర విప్పుకున్నాం. బయటివాళ్ళ చేతి అన్నం అవ్వ ముట్టదు. నాలుగు మెతుకులు తిని తన ఆకులో మిగిలింది స్టేషన్ కుక్కకు పెట్టింది.

"బతికుంటే కోపంగానే ఉండాల," అంది తనలో తను. "కోపమైతే మేలు."

కాలవ దగ్గర

మస్తానయ్య అనే అతని ఒంటెద్దు బండి కుదిరింది. అతను ఎద్దుతోనే ఎక్కువ మాట్లాడతాడు. మమ్మల్ని అడగాల్సినవి కూడా దాన్నే అడిగాడు. "ఈ వయసులో ఈ పెద్దమ్మకు సముద్రం స్నానం దేనికంటావురా?" అన్నాడు. స్నానానికి కాదు, నేస్తాన్ని చూడడానికని అవ్వ చెప్పింది. అతను ఎద్దును అదిలించి, తన చిన్ననాటి నేస్తం ఒకడు కావలిలో ఉన్నాడనీ, పదేళ్ళుగా పోవాలనుకుంటున్నాననీ అన్నాడు. "పోలేదేం?" అంది అవ్వ. "బండి ఎప్పుడూ ఇటే తిరుగుతాది అవ్వా."

బకింగ్‌హాం కాలవను పడవ మీద దాటాలి. ఉప్పు మూటల పక్కన అవ్వను కూర్చోబెట్టాను. ఎక్కేటప్పుడు ఆమె ఎడమకాలి చెప్పు నీళ్ళలో జారిపోయింది. పడవవాడు గడతో తీయబోతే వద్దని, రెండోది కూడా తీసి కాలవలో వేసింది. ఒకటి ఎవరికీ పనికిరాదు, రెండూ దొరికితే ఎవరైనా తొడుక్కుంటారట. ఆ ఎండలో, ఆ ఇసకలో ఇక ఈమెను ఉత్త కాళ్ళతో ఎట్లా నడిపించాలో నాకు తోచలేదు. అవతలి ఒడ్డున సరుగుడు తోపు నీడలో ఆగి ఆగి నడిచాం. నా తువ్వాలు రెండు ముక్కలు చేసి ఆమె పాదాలకు కట్టాను. మైలు దూరానికి గంటన్నర పట్టింది. రెండుసార్లు ఆమె నాడి చూశాను. "ఇంకా కొట్టుకుంటా ఉండాదా?" అని అడిగింది అవ్వ.

పాలెం

పాలెంలో మొదటి గుడిసె ముందు ఒకామె ఇసకలో నెత్తళ్ళు ఆరబోస్తోంది. పోలమ్మ ఇల్లేదని అడిగాను.

"మా అత్తే. మీది ఏ ఊరు తల్లీ?"

ఆమె పేరు అంకమ్మ అనీ, పోలమ్మ కోడలనీ తరవాత తెలిసింది. మా ఊరి పేరు చెప్పి, పెంచలమ్మ గారింటి నుంచి వచ్చామన్నాను. ఆమె చేతిలో చేపలు కిందపడ్డాయి.

"అయ్యో తల్లీ, ఇంత దూరం నువ్వు రావాల్నా! కబురు అందింది గదా. పెంచలమ్మ పొయ్యిందని మా అత్త ఆ పొద్దే తలకు పోసుకునింది. మైలని జాడీ ఉత్తదే పంపినాం. పదకొండో దినం కూడు కూడా పెట్టినాం."

అవ్వ నా భుజం వెనక నుంచి ముందుకొచ్చింది. "ఎవురే పొయ్యింది?"

"పెంచలమ్మ."

"ఏ పెంచలమ్మ?"

"మా అత్త నేస్తం."

"నేనే పెంచలమ్మను," అంది అవ్వ.

అంకమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. పక్క గుడిసెలోంచి చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు లోపలికి పోయి తలుపు మూశారు. నాకప్పుడు అర్థం కాలేదు. అవ్వ మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "అయితే పోలి బతికే ఉండాది," అంది.

పోలమ్మ గుడిసెలో చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఎముకల మీద తోలు కప్పినట్లుంది. నెల రోజులుగా గంజి నీళ్ళే లోపలికి పోతున్నాయని, అవి కూడా తిట్టి పోయాల్సి వస్తోందని అంకమ్మ చెప్పింది.

"పోలీ," అంది అవ్వ.

ఆమె కదల్లేదు.

"పోలీ! నేనే!"

కదలిక లేదు. అవ్వ ముఖం వాడిపోయింది. "అలిగింది. పోదాం పా," అని నాతో అంది. పోలమ్మకు చెవులు చాలావరకు పోయాయని మాకు తెలియదు. జాడీ ఆ సంగతి మోసుకురాలేదు గదా. అంకమ్మ ఆమె భుజం తట్టి ఇటు తిప్పింది.

పోలమ్మ చూసింది. అరవలేదు, ఏడవలేదు. చాప మీద పాక్కుంటూ వచ్చి, వంగి అవ్వ కాళ్ళకు కట్టిన తువ్వాలు ముక్కలు విప్పింది. కాలి వేళ్ళు ఒక్కొక్కటీ పట్టి చూసింది. దయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి.

"ముందుకే ఉండాయే," అంది అంకమ్మతో. మళ్ళీ ఒకసారి లెక్కపెట్టి, అవ్వ మోకాలి మీద అరచేత్తో ఫెడీమని కొట్టింది. "చచ్చినానని ఎందుకు పంపిస్తివే ముండా!"

"నేనేం పంపితినే!"

"నల్ల నువ్వులు, తెల్ల గుడ్డ! పసుపు లేదు, కుంకం లేదు! ఏమనుకోవాల్నో నువ్వే చెప్పు!"

అవ్వ మెల్లగా నా వైపు తిరిగింది. కనపడని ఆ కళ్ళను నేను తప్పించుకోలేకపోయాను.

ఈ ఏడు జాడీ సర్దింది నేను. పోయిన వేసవిలో గాలివానకు కాయంతా రాలిపోయి ఊరగాయ పెట్టలేదు. చేలో కొత్తగా పండిన నల్ల నువ్వులు ముసలివాళ్ళకు బలమని, చెరిగి జాడీ నిండా పోశాను. మూతికి మా ఆయన పాత పంచె ముక్క సబ్బుతో ఉతికి కట్టాను. అవ్వ ఎప్పుడూ ఆ గుడ్డకు పసుపు రాసి, జాడీ మెడకు కుంకం పెట్టేది. ఆ మరకలు చూస్తే నాకు మురికిగా అనిపించేది. శుభలేఖకు నాలుగు మూలలా పసుపు రాయడం నాకు తెలియనిది కాదు. జాడీ కూడా లేఖేనని నాకు తట్టలేదు.

"నేనే పెట్టానవ్వా," అన్నాను.

విషయం అంకమ్మ పోలమ్మ చెవిలో అరిచి చెప్పింది. పోలమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఎంత దాకా చదివినావు పాపా?"

"బి.ఏ. అవ్వా."

"ఇంకొంచెం చదివుంటే నన్ను కూడా చంపుండువు," అంది.

గుడిసె బయట చేరిన ఆడవాళ్ళు గొల్లుమన్నారు. నాకు ఏడుపు వచ్చింది. పోలమ్మే నన్ను దగ్గరికి పిలిచి, తన చీర చెంగుతో నా ముఖం తుడిచింది.

ఇంకో సంగతి గమనించాను. మా ఊళ్ళో పదిమందిలో ఉన్నప్పుడు ఆమె అవ్వను "అమ్మగారూ" అనే పిలిచేదట. ఇక్కడ పాలెం అంతా చూస్తుండగా పెంచలీ అంటోంది. అవ్వ పలుకుతోంది.

అన్నం

"తప్పుడు కబురొస్తే ఆయుస్సు పెరుగుతాదంట," అంది అంకమ్మ సంతోషంగా.

"దీనికి పెరిగింది. నాకెవురేడ్చినారు?" అంది పోలమ్మ. "ఏడవ్వే. నేను నీకు పదకొండు దినాలు ఏడ్చినా."

అవ్వ నవ్వింది. పోలమ్మ నవ్వలేదు. అప్పుడు అవ్వ కాళ్ళు చాపుకుని, కొంగు నెత్తిన వేసుకుని, చావు ఇంట్లో ఆడవాళ్ళు ఏడ్చే రాగం ఎత్తుకుంది.

"ఓ పోలమ్మా... మోకాళ్ళు అరిగేదాకా మా ఊరికి నడిచినదానా..."

"గట్టిగా, వినపళ్ళా," అంది పోలమ్మ. ఆడవాళ్ళు మళ్ళీ నవ్వారు.

"ఎండుచేపల కంపని మా అత్త నిన్ను దూరం నిలబెడితే, అయినా మరుసటేడు వచ్చినదానా... నా మొగుడు పొయ్యిన నాడు నెత్తిన గంప దించకుండానే వీధిలో నిలబడి ఏడ్చినదానా... నేనొక్కనాడు నీ గుమ్మం తొక్కలేదే... ఒక్కనాడు నీ చేతి కూడు తినలేదే..."

నవ్వులు ఆగిపోయాయి. అవ్వ గొంతులో రాగం పోయి మామూలు మాట మిగిలింది. పోలమ్మకు ఎంత వినపడిందో తెలియదు. ముఖం చూస్తే అంతా విన్నట్లే ఉంది. చేత్తో అవ్వ నోరు మూసింది.

"చాలే. నాకూ పదేళ్ళు పెరిగుంటాయి. ఆకలేస్తాంది."

అంకమ్మ పొయ్యి మీది కుండ దించింది. పుల్లమామిడి ముక్కలు వేసిన చేపల పులుసు. మా ఇంట్లో చింతపండు ముందు, చేప వెనక. అక్కడ సముద్రపు నీళ్ళ వాసన పోకుండానే కుండలో పడుతుంది. అందుకే అంత రుచి కాబోలు. పోలమ్మ పళ్ళెం ముందుకు జరుపుకుని, ముద్ద కలిపి ఆగింది.

"ఇది తింటే నేను తింటా," అంది అవ్వను చూపించి.

మా మూటలో ఇంకా పులిహోర ఉంది. అవ్వ నన్ను ఆ మూట అడగలేదు. చెయ్యి చాచింది. పోలమ్మ ఆ ముద్ద ఆమె చేతిలో పెట్టింది. అవ్వ తిన్నది, ముల్లు తీసి పక్కన పెట్టింది, ఇంకో ముద్దకు చెయ్యి చాచింది. "మీ అత్తకు చెప్పుకుంటే చెప్పుకో అమ్మాయ్," అంది నాతో. నేనూ ఒక పళ్ళెం అడిగి పెట్టించుకున్నాను.

పోలమ్మ ఆ సాయంత్రం పట్టెడన్నం తిన్నది. అంకమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ పొగ అంది.

ఒడ్డున

మర్నాడు పొద్దున ఇద్దరినీ ఒడ్డుకు తీసుకుపోయాం. నడవలేని పోలమ్మను కొడుకు వీపున మోశాడు. చూడలేని అవ్వ నా భుజం పట్టుకుంది. తెప్పలు ఒడ్డుకు చేరుతున్నాయి. నీళ్ళ అంచున ఇద్దరినీ కూర్చోబెట్టాం. అల వచ్చి అవ్వ పాదాలు తడిపి పోయింది. ఎనభై ఏళ్ళకు, ఇంటికి ఇంత దగ్గరలో ఉన్న సముద్రాన్ని ఆమె కలుసుకోవడం అదే మొదలు.

"ఇంత చప్పుడు పెట్టుకొని ఎట్టా పడుకుంటారే?" అంది.

"నాకు వినపళ్ళా," అంది పోలమ్మ. ఆమె అవ్వ పెదాల కదలిక చూసి అర్థం చేసుకుంటోందని నాకప్పుడు తెలిసింది.

ఎండ ముదరకముందే బయలుదేరదామని నేనన్నాను. అవ్వ ఇసకలో వేళ్ళు దూర్చి కూర్చుంది.

"నువ్వు పో. నేను నెల ఉండి వస్తా."

కంటి చుక్కల మందు రెండు రోజులకే తెచ్చాను. ఇక్కడ డాక్టరు లేడు. కాలవ దాటాలంటే పడవ, తరవాత బండి. మా అత్తగారికేం చెప్పాలి?

"అది యాభయ్యేళ్ళకు పైగా నడిచొచ్చింది. నేను ఒకనాడొచ్చి ఒక పూట తిని పోవాల్నా?"

"అవ్వా, ఇక్కడ నీకేమన్నా అయితే?" అనేశాను. అనకూడని మాటని తెలుసు. అయినా వచ్చిన దగ్గరినుంచీ నోట్లో ఉన్నది అదే.

అవ్వ నిదానంగా చెప్పింది. "అయితే, దీనికి కబురు పంపే పని తప్పుతాది."

ఇద్దరినీ గుడిసెకు చేర్చాక, అవ్వ చీరలు రెండూ, మందు సీసా అంకమ్మకు అప్పగించాను. పొద్దున ఎన్ని చుక్కలో, సాయంత్రం ఎన్నో చెప్పబోతే, "మాకు లెక్కలొస్తాయిలే తల్లీ," అని నవ్వింది. దారికని ఎండు నెత్తళ్ళు కట్టిచ్చింది. మా ఊళ్ళో మానెడు వడ్లకు వచ్చేవి ఇక్కడ ఊరికే ఇసకలో ఆరుతున్నాయి.

సెలవు తీసుకుందామని గుడిసెలోకి పోయేసరికి లోపల కేకలు.

"నా పదకొండో దినం కాకికేం పెట్టినావే?" అంటోంది అవ్వ.

"సంగటి, నెత్తళ్ళ పులుసు."

"నెత్తళ్ళా! వంజరమంటే నాకు పానమని తెలిసి, నా కూడు నెత్తళ్ళతో పెడతావా?"

"ఆ పొద్దు వలలో వంజరం పళ్ళా! చచ్చినదానివి సర్దుకోకూడదా? కాకి తినింది గదా!"

"అది నేను కాదు, ఏదో ఆశపోతు కాకి!"

పోలమ్మ చాప మీద లేచి కూర్చుని ఉంది. నిన్నటిదాకా పడుకున్న మనిషి, ఎవరూ లేపకుండానే. నేను ఇద్దరి పాదాలకూ దణ్ణం పెట్టాను. ఒకరు కూడా నన్ను చూడలేదు.

ఇల్లు

ఒంటరిగా వచ్చిన నన్ను చూసి మా ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. మా అత్తగారు, "ఎనభై ఏళ్ళ మనిషిని సముద్రం ఒడ్డున వదిలేసి వచ్చినావా?" అంది. నేను లోపలికి పోయి పిల్లల్ని చూసుకున్నాను. చిన్నదానికి దగ్గు తగ్గింది. గోడ మీద కాగితం ఎవరూ చూసినట్లు లేదు.

ఇదంతా పిల్లలు నిద్రపోయాక కొంచెం కొంచెంగా రాశాను. అవ్వ ఇంకా అక్కడే ఉంది. పున్నమి దాటాక మా ఆయన పోయి తీసుకొస్తాడు. రానంటే రాదు.

ఇంటికి చేరిన మర్నాడు పొద్దున పిల్లలిద్దరూ నా పక్కలోకి దూరారు.

"అవ్వ ఏదీ?" అన్నాడు పెద్దవాడు.

"నేస్తం ఇంట్లో ఉంది."

"అవ్వకు నేస్తమా?" చిన్నది నమ్మలేదు. "ఎంతుంటాది?"

"అవ్వంత ఉంటుంది."

"మనం లేమని అవ్వ ఏడుస్తా ఉందా?"

వసారాలో మా అత్తగారి కవ్వం చప్పుడు ఆగింది.

"లేదు తల్లీ," అని చెప్పాను. "నేను వచ్చేటప్పటికి ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు. చేప దగ్గర. అవ్వ అటు తిరిగి కూర్చుంది, ఆమె ఇటు తిరిగి కూర్చుంది. అది చూశాకే నాకు భయం పోయింది, వదిలిపెట్టి వచ్చేశాను."